లాయర్ల పనిలో ఏఐ: తరచుగా అడిగే ప్రశ్నలు

కోర్టు హాలు బయట, ఛాంబర్లో, ఫోన్లో ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్నలివి. అడిగేవాళ్లలో సగం మంది లాయర్లు, మిగతావాళ్లు కేసులున్నవాళ్లు. నేను ఏఐని రోజూ వాడతాను. ఒకసారి దాని మూలంగా నిండు కోర్టులో తల దించుకున్నాను కూడా. జవాబుల్లో ఆ రెండూ కనిపిస్తాయి.

లాయర్లు నిజంగా దానితో ఏం చేయించుకుంటున్నారు?

వాదనలు రాయించుకుంటున్నారని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా జరిగేది అంతకంటే చప్పటి పని. వందల పేజీల కట్టలోంచి తేదీలు ఏరడం, రెండు అగ్రిమెంట్లలో ఏ క్లాజు ఎక్కడ మారిందో చూడటం, నోటీసుకు మొదటి డ్రాఫ్టు వేయించుకోవడం, సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయడానికి ప్రశ్నలు అనుకోవడం. ఇందులో కొంత చాట్‌బాట్‌ల కంటే ముందునుంచీ ఉంది. 2012లోనే న్యూయార్క్‌లో ఆండ్రూ పెక్ అనే మేజిస్ట్రేట్ జడ్జి, లక్షల ఈమెయిళ్లలో కేసుకు పనికొచ్చేవాటిని కంప్యూటరు చేత ఏరించడానికి ఒప్పుకున్నారు. అప్పుడు దాన్ని ఎవరూ ఏఐ అని పెద్దగా పిలవలేదు.

లేని తీర్పుల్ని అది ఎందుకు పుట్టిస్తుంది?

అబద్ధమాడాలని కాదు. చాట్‌జీపీటీ లాంటివి తమ ముందున్న మాటల్ని బట్టి తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ పోతాయి. లక్షల తీర్పుల భాష చదివాయి కాబట్టి సైటేషన్, అంటే ఏ తీర్పు ఎక్కడ అచ్చయిందో చెప్పే వివరం, ఎలా ఉంటుందో వాటికి బాగా తెలుసు. ముందు ఒక పేరు, మధ్యలో వర్సెస్, ఇంకో పేరు, సంవత్సరం, వాల్యూమ్ నంబరు, పేజీ. ఆ రూపం తెలుసు గానీ, ఆ పేజీలో ఏముందో రాసిపెట్టుకున్న రిజిస్టరేదీ వాటి దగ్గర లేదు. మీరు "నా వాదనకు పనికొచ్చే తీర్పు చూపించు" అంటే, అలాంటి తీర్పు ఉంటే ఎలా ఉంటుందో అలాంటిది తయారుచేసి చేతిలో పెడతాయి.

మనుషులు తప్పు చెప్పేటప్పుడు ఎక్కడో తడబడతారు. "అదేదో సుప్రీంకోర్టు తీర్పండీ, పేరు గుర్తులేదు" అంటారు. మనకు అనుమానం వస్తుంది. యంత్రం పేజీ నంబరుతో సహా తప్పు చెబుతుంది. మన వృత్తిలో పేజీ నంబరు చూడగానే నమ్మే అలవాటు ఉంది, చిక్కంతా అక్కడే.

అందరూ చెప్పుకునే ఆ విమానం కేసు ఏమిటి?

మాటా వర్సెస్ అవియాంకా. 2019లో విమానంలో భోజనాలు పంచే ఇనుప బండి తన మోకాలికి తగిలిందని ఒక ప్రయాణికుడు వేసిన దావా, న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు వచ్చింది. కాలపరిమితి దాటిపోయింది, కొట్టేయండి అని విమాన సంస్థ అడిగింది. దానికి జవాబుగా 2023 మార్చిలో ప్రయాణికుడి తరఫు లాయర్లు వేసిన కాగితాల్లో చాట్‌జీపీటీ ఇచ్చిన అరడజను తీర్పులు ఉన్నాయి. వర్గీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్ అన్నది అందులో ఒకటి. ఎదుటి లాయర్లు వెతికారు, దొరకలేదు. కోర్టు వెతికింది, దొరకలేదు.

చాలామంది ఇక్కడితో కథ ఆపేస్తారు. అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. ఆ తీర్పుల కాపీలు ఇవ్వండని కోర్టు అడిగితే, లాయర్లు మళ్లీ చాట్‌జీపీటీ దగ్గరికే వెళ్లారు. అది తీర్పుల్లోని భాగాల్ని కూడా రాసిచ్చింది, వీళ్లు తీసుకెళ్లి దాఖలు చేశారు. వాళ్లలో ఒక లాయరు దాన్నే అడిగాడు కూడా, వర్గీస్ నిజమైన కేసేనా అని. నిజమే, పెద్ద లీగల్ డేటాబేసుల్లో దొరుకుతుంది అని జవాబొచ్చింది. దొంగనే సాక్షిగా పిలిచి, నువ్వు దొంగవా అని అడిగినట్టు.

2023 జూన్ 22న జడ్జి కెవిన్ కాస్టెల్ ఇద్దరు లాయర్లకూ వాళ్ల సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఆ దొంగ తీర్పులు రాసినట్టు ఏ జడ్జిల పేర్లు వాడారో, ఆ జడ్జిలందరికీ జరిగింది చెప్తూ ఉత్తరాలు రాయమన్నారు. నా లెక్కలో జరిమానా కంటే ఆ ఉత్తరాలే పెద్ద శిక్ష. నమ్మదగ్గ ఏఐ సాయం తీసుకోవడంలో దానికదే తప్పేమీ లేదని కూడా ఆ ఆర్డరులోనే ఉంది. దొరికిపోయాక కూడా ఆ తీర్పుల్నే పట్టుకుని వేలాడినందుకే శిక్ష పడింది.

ఆ తర్వాత జాగ్రత్తపడి ఉంటారు కదా?

లేదు. 2025 జూన్‌లో ఇంగ్లండ్ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో 45 సైటేషన్లు ఇస్తే అందులో 18 అసలు లేనివే. పరిశోధన చేసింది క్లయింటు, లాయరు సరిచూడకుండా సంతకం పెట్టాడు. మామూలుగా లాయరు చెప్పింది క్లయింటు నమ్ముతాడు, ఇక్కడ తిరగబడింది. డేమ్ విక్టోరియా షార్ప్ ఉన్న బెంచ్, ఇలాంటివి కోర్టు ధిక్కారం దాకా వెళ్లవచ్చని గట్టిగా హెచ్చరించింది.

లాయర్లే అనుకోకండి. 2025 అక్టోబరులో బాంబే హైకోర్టు ఒక ఆదాయపు పన్ను అసెస్‌మెంట్ ఆర్డరును రద్దు చేసింది. అందులో ఆధారంగా చూపిన తీర్పులు లేవు.

డబ్బు కట్టి వాడే లీగల్ ఏఐ అయితే ఈ బెడద ఉండదుగా?

తగ్గుతుంది, పోదు. ఆ టూల్స్ ముందు నిజమైన తీర్పుల భాండాగారంలో వెతికి, దొరికిన ముక్కల్ని చూసి జవాబు రాస్తాయి. అందువల్ల తీర్పు మాత్రం చాలావరకు ఉంటుంది. ఆ తీర్పు మీరనుకున్న మాటే చెప్పిందా అన్నది వేరే సంగతి. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెక్సిస్‌నెక్సిస్, థామ్సన్ రాయిటర్స్ అనే కంపెనీల లీగల్ టూల్స్‌ని పరీక్షిస్తే 17 నుంచి 33 శాతం జవాబుల్లో కల్పన ఉందని తేలింది. ఆ తర్వాత ఆ టూల్స్ మారుతూనే ఉన్నాయి గానీ, తప్పు జరిగే తీరు మాత్రం తెలుసుకోవాలి.

నాకు తగిలింది ఇదే దెబ్బ. ఒక ఇంజంక్షన్ పిటిషన్‌లో నాకు అచ్చుగుద్దినట్టు సరిపోయే పేరా ఒకటి టూల్ చూపించింది. తీర్పు నిజమైనదే, పేరా నంబరు సరైనదే, మాటలు కూడా ఉన్నవున్నట్టే ఉన్నాయి. సంతోషంగా చదివాను. ఎదుటి లాయరుగారు నింపాదిగా లేచి, "పైన రెండు పేరాలు కూడా చదవమనండి" అన్నారు. చదివాను. "అప్పీలుదారు తరఫు న్యాయవాది ఈ విధంగా వాదించారు" అని మొదలైంది. నేను కోర్టు మాట అనుకుని చదివింది ఓడిపోయిన లాయరు వాదన.

ఎందుకలా అయిందంటే, తీర్పుని ముక్కలుగా కోసి దాచుకుంటాయి ఈ టూల్స్. "వాదించారు" అన్న మాట ఒక ముక్కలో ఉండిపోయింది, వాదన ఇంకో ముక్కలోకి వెళ్లింది. అలాగే బెంచ్‌లో మిగతావాళ్లతో విభేదించిన జడ్జి రాసింది, తర్వాత ఓవర్‌రూల్ అయింది (ఇక చెల్లదని పై బెంచ్ తేల్చింది), ఏదో సందర్భంలో ఊరికే అన్నది, అన్నీ ఒకే గొంతుతో వినిపిస్తాయి. లేని తీర్పు ఇస్తే ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. ఉన్న తీర్పులో లేని మాట అయితే మూల తీర్పు చదివినవాడికే దొరుకుతుంది.

సైటేషన్ సరిచూడటం అంటే ఏం చేయాలి?

చెప్పిన చాట్‌బాట్‌నే అడగొద్దు. ఇంకో చాట్‌బాట్‌నీ అడగొద్దు. కోర్టు సొంత సైట్‌లోనో, అచ్చు లా జర్నల్‌లోనో పార్టీల పేర్లతో తీర్పు తెరవండి. తీర్పు పైన వేసే సారాంశం, అదే హెడ్‌నోట్, దగ్గర ఆగకండి. కోట్ చేసిన పేరాకు పైన రెండు, కింద రెండు చదవండి. ఎంతమంది జడ్జిల బెంచో చూడండి. ఆ తర్వాత అప్పీలులో ఏమైందో, దాన్ని తర్వాతి తీర్పులు ఎలా చూశాయో చూడండి. ఒక్కో తీర్పుకి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఐదు తీర్పులకు గంట. ఆ గంట లేదనుకుంటే, ఐదు తీర్పులు ఇవ్వకండి. రెండే ఇవ్వండి.

ఏ పని ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు?

నా కొలత ఒక్కటే. ఆ పని నేను చేయడం కంటే, అది చేసినదాన్ని సరిచూడటం సులువైతే ఇస్తాను. కాకపోతే ఇవ్వను.

ఎదుటివాళ్లు నా కౌంటరు (కోర్టులో నేను వేసే జవాబు) మీద ఏమేం అనవచ్చో చెప్పమని అడుగుతాను. పది చెబుతుంది, ఆరు చెత్త, రెండు నాకు తెలిసినవే, ఒకటో రెండో నాకు తట్టనివి. చెత్తని చూడగానే పక్కన పెట్టేయగలను. నేను రాసిన పొడుగు వాక్యాల్ని విడగొట్టమంటాను. క్లయింటుకి అర్థమయ్యేలా ఆర్డరును మామూలు మాటల్లో రాయమంటాను. వీటిలో తప్పుంటే కంటికి కనిపిస్తుంది.

కాలపరిమితి లెక్క మాత్రం ఇవ్వను. ఎక్కడి నుంచి మొదలవుతుంది, ఏ రోజులు తీసేయాలి అన్నది కేసు వాస్తవాల్లో ఉంటుంది, ఒక్క రోజు తేడా వస్తే కేసే పోతుంది. "ఈ 300 పేజీల్లో ముఖ్యమైనదేదీ వదలకుండా సారాంశం చెప్పు" అని కూడా అడగను. అది లేనిది కలిపితే పట్టుకోవచ్చు. వదిలేసింది పట్టుకోవాలంటే 300 పేజీలూ నేనే చదవాలి. ఎలాగూ చదువుతున్నప్పుడు సారాంశం నాకెందుకు?

తేదీల పట్టిక వేయించుకోవడం క్షేమమేనా?

క్షేమమే, ప్రతి తేదీ పక్కన పేజీ నంబరు రాయమంటే. మొన్న ఒక లీజు తగాదా ఫైలు అలాగే ఇచ్చాను. నలభైకి పైగా తేదీలు ఏరింది. రెండు తప్పులు. ఒకచోట స్కాన్ కాపీలో రబ్బరు స్టాంపు తేదీ మీద పడి 3 కాస్తా 8 అయింది. ఇంకోచోట 04/07 అని ఉంటే ఏప్రిల్ 7 అనుకుంది, రాసినవాళ్ల ఉద్దేశం జులై 4. ఆ రెండో తేదీనే నోటీసు అందిన రోజు. పట్టికలో అది చక్కగా ఏప్రిల్ వరసలో కూర్చుంది. పేజీ నంబరు ఉండబట్టి కాగితం తీసి చూశాను, లేకపోతే నోటీసు గడువు లెక్క మొత్తం తిరగబడేది. అయినా రోజంతా పట్టే పని రెండు గంటల్లో అయింది. మళ్లీ చేయిస్తాను.

అనువాదానికి?

అర్థం చేసుకోవడానికి సరే, దాఖలు చేయడానికి మాత్రం మనిషి చేయి పడాలి. డిశ్చార్జ్, అక్విటల్ రెండింటికీ తెలుగులో "విడుదల" అని రాసేస్తుంది. ఒకటి విచారణే మొదలవకముందు బయటపడటం, ఇంకోటి విచారణ అయ్యాక నిర్దోషిగా తేలడం. బెయిల్ మీద వచ్చినా విడుదలే మరి. అలాగే "షల్" ఉన్నచోట "వలెను" అనీ, "మే" ఉన్నచోట "వచ్చును" అనీ పడ్డాయో లేదో వేలు పెట్టి చూడాలి. భారత సుప్రీంకోర్టు 2019లో తెచ్చిన సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్‌ ఇచ్చినదాన్ని కూడా మనుషులు సరిచూస్తారు.

క్లయింటు కాగితాలు అందులో పెట్టొచ్చా?

జనానికి ఉచితంగా దొరికే చాట్‌బాట్‌లో పెట్టొద్దు. పేర్లు తీసేస్తే చాలనుకుంటారు. తేదీ, హోదా, గొడవ స్వభావం ఉంటే ఆ రంగంలో ఉన్నవాళ్లు ఎవరో ఇట్టే పట్టేస్తారు. అమెరికన్ బార్ అసోసియేషన్ 2024 జులైలో ఇచ్చిన 512వ ఫార్మల్ ఒపీనియన్, మనమిచ్చిన సమాచారంతో నేర్చుకునే టూల్‌లో క్లయింటు వివరాలు పెట్టాలంటే ముందు క్లయింటుకి విడమరిచి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలంది. వకాల్తా కాగితంలో ఒక మూల చిన్న అక్షరాల్లో వేస్తే సరిపోదు.

"డిలీట్ చేశానుగా" అన్న ధీమా కూడా వద్దు. న్యూయార్క్ టైమ్స్ వేసిన కేసులో 2025 మేలో కోర్టు, వాడినవాళ్లు తుడిచేసిన చాట్‌లతో సహా దాచిపెట్టమని చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐని ఆదేశించింది. కొన్ని నెలలకు ఆ ఆదేశం తీసేశారు. కానీ తుడిచేశామనుకున్నది సర్వర్‌లో ఉండిపోవచ్చని దానితో తెలిసింది.

పది గంటల పని గంటలో అయితే ఫీజు ఎంత తీసుకోవాలి?

గంటల లెక్కన ఫీజు అయితే గంటకే. పైన చెప్పిన అమెరికన్ బార్ అసోసియేషన్ ఒపీనియన్ కూడా అదే చెప్పింది. కేసుకి ఇంత అని మాట్లాడుకున్నవాళ్లకు ఈ టెన్షన్ తక్కువ.

ఏఐ వాడానని కోర్టుకి చెప్పాలా?

కోర్టు కోర్టుకీ వేరు. 2023 మేలో టెక్సాస్ ఫెడరల్ జడ్జి బ్రాంట్లీ స్టార్, ఏఐ రాసింది ఏమైనా ఉంటే మనిషి సరిచూశాడని సర్టిఫికెట్ ఇవ్వమన్నారు. అలాంటి రూలే పెడదామనుకున్న అమెరికా ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2024లో వద్దనుకుంది, సంతకం పెట్టినవాడి బాధ్యత ఎలాగూ ఉంది కదా అని. మీ కోర్టు పెట్టిన ప్రాక్టీస్ డైరెక్షన్స్ (దాఖలు చేసే పద్ధతి మీద సూచనలు) చూసుకోండి. అడిగితే మాత్రం దాచొద్దు.

జడ్జీలు కూడా వాడుతున్నారా?

వాడినట్టు బయటికి చెప్పినవాళ్లు ఉన్నారు. 2023 జనవరిలో కొలంబియాలోని కార్తహేనాలో ఒక జడ్జి తన ఆర్డరులోనే చాట్‌జీపీటీ జవాబులు చేర్చారు. అదే ఏడాది మార్చిలో పంజాబ్, హర్యానా హైకోర్టులో ఒక బెయిల్ ఆర్డరులో, క్రూరంగా దాడి చేసిన కేసుల్లో బెయిల్ గురించి చాట్‌జీపీటీ ఏమంటుందో అడిగి రాశారు. అది స్థూల అవగాహన కోసమే తప్ప కేసు బాగోగుల మీద అభిప్రాయం కాదని ఆ ఆర్డరే స్పష్టం చేసింది. కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టుల కోసం ఒక విధానం తెచ్చింది. నిర్ధారణలకు, తీర్పులకు ఏఐని వాడకూడదని అందులో ఉంది.

నాకు చాట్‌బాట్‌ల కంటే ఎక్కువ ఇబ్బందిగా అనిపించేది ముద్దాయి మళ్లీ నేరం చేస్తాడా అని మార్కులు వేసే సాఫ్ట్‌వేర్. 2016లో లూమిస్ కేసులో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు, కాంపాస్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ మార్కులు శిక్ష వేసేటప్పుడు చూడొచ్చంది, హెచ్చరికలు జోడించి. ఆ మార్కులు ఎలా వేస్తుందో వ్యాపార రహస్యమని తయారీదారు చెప్పలేదు. సాక్షినైతే క్రాస్ చేయొచ్చు, ఫార్ములానే చూపించకపోతే దేన్ని క్రాస్ చేస్తాం? యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన ఏఐ చట్టం, జడ్జీలకు చట్టాన్నీ వాస్తవాల్నీ అన్వయించడంలో సాయపడే వ్యవస్థల్ని అధిక ప్రమాదమున్న వాటిలో చేర్చింది.

అది బార్ పరీక్ష పాసైందట. ఇక లాయరెందుకు?

2023 మార్చిలో జీపీటీ-4 అనే ఏఐ మోడల్, లాయరుగా పనిచేయడానికి అమెరికాలో రాసే యూనిఫాం బార్ పరీక్షలో పై పది శాతంలో ఉందని దాన్ని తయారుచేసినవాళ్లు ప్రకటించారు. ఎవరితో పోల్చి ఆ స్థానం ఇచ్చారన్నదాని మీద తర్వాత విమర్శలొచ్చాయి. అది పక్కనపెట్టినా, పరీక్షలో వాస్తవాలు ప్రశ్నలోనే అచ్చయి ఉంటాయి. మన దగ్గరికొచ్చే మనిషి మూడో సిట్టింగులో గానీ "అన్నట్టు ఇంకో కాగితం కూడా ఉందండీ" అనడు.

నేను లాయరుని కాదు. నా కేసుకి నేనే వాడుకోవచ్చా?

జరిగింది వరసగా రాసుకోవడానికి, ఏ కాగితాలు వెతకాలో తెలుసుకోవడానికి, లాయరుని ఏం అడగాలో రాసుకోవడానికి వాడుకోండి. అలా వచ్చిన క్లయింటుతో గంట పని అరగంటలో అవుతుంది. కానీ లాయరుతో మాట్లాడిన మాటకున్న రక్షణ చాట్‌బాట్‌తో మాట్లాడిన మాటకూ ఉంటుందనుకోవద్దు. ప్రపంచపు తొలి రోబో లాయరునని చెప్పుకున్న డూనాట్‌పే మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంటే, 2024లో ఆ కంపెనీ 1,93,000 డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ రోబో పని నిజంగా లాయరు పనితో సరితూగుతుందా అని పరీక్షించకుండానే అమ్మారన్నది ఆరోపణ.

జూనియర్ల గతేమిటి?

నా భయం ఉద్యోగాల గురించి కాదు. సీనియర్ అడిగిన ఒక్క తీర్పు కోసం వెతుకుతూ నేను అక్కర్లేని యాభై చదివాను. ఆ యాభై వల్లే ఈ రోజు ఏదైనా పేరా చూడగానే "ఇది వాదనలా ఉందే" అని అనుమానం వస్తుంది. వచ్చినా ఒకసారి బోల్తాపడ్డాననుకోండి. నేరుగా జవాబు అందుకునే జూనియర్‌కి ఆ అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది? నా దగ్గరున్నవాళ్లకు ఒక పద్ధతి పెట్టాను. టూల్ ఇచ్చిన తీర్పు పూర్తిగా చదివి, ఓడిపోయిన పక్షం ఏం వాదించిందో నాకు నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ తీర్పు ఫైల్లోకి వెళ్లదు. తిట్టుకుంటున్నారని తెలుసు.

తప్పు సైటేషన్ ఇప్పటికే కోర్టులో దాఖలైపోయింది. ఏం చేయాలి?

వాయిదా దాకా ఆగకండి. ఎదుటి లాయరు కనిపెట్టకపోవచ్చులే అని అసలు అనుకోకండి. ఈ రోజే ఎదుటి లాయరుకి ఫోన్ చేసి చెప్పండి, క్లయింటుకి చెప్పండి. ఫలానా పేరాలో ఫలానా తీర్పు పొరపాటున వచ్చింది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అని మెమో వేయండి. ఏఐ వల్ల జరిగితే ఆ మాట రాయండి, నెపం మాత్రం జూనియర్ మీదో క్లర్కు మీదో నెట్టకండి. దాని స్థానంలో ఇంకో తీర్పు పెట్టాలనుకుంటే, ఈసారి దాని సర్టిఫైడ్ కాపీనో జర్నల్ పేజీల జిరాక్సో మెమోకి జతచేయండి. పైన రెండు పేరాలు చదివాకే.